ఎర్ర రోహిణి

క్రాంతి కుమార్ రెండో గుక్క తాగలేదు.

జహీరాబాద్ బైపాస్ మీద ముంబై లారీలు ఆగే హోటల్. ఆదివారం ఉదయం. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు మోటారు సైకిల్ దిగకుండానే, సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో రెండుసార్లు కాల్చి బీదర్ వైపు దూసుకుపోయారు. పెనం మీద ఆమ్లెట్ తిప్పుతున్నవాడు తల కూడా ఎత్తలేదు. టీ గ్లాసు మాత్రం దొర్లుకుంటూ వచ్చి, మూడు బల్లల అవతల ఉల్లిగడ్డల సంచి పక్కన పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి కాళ్ల దగ్గర ఆగింది.

ఆ ఆడమనిషి ఉల్లిగడ్డలు అమ్మేది కాదు. బ్యూరో ఏజెంట్ నందిని. హైదరాబాద్ నుంచి క్రాంతి కుమార్‌ను నీడలా వెంటాడుతూ వచ్చింది. అతను ఎవరిని కలుస్తాడో చూద్దామని ఆగింది. కలవడం తెల్లవారుజామునే, అతను ఆమె కన్నుగప్పిన అరగంటలో, అయిపోయిందని ఆమెకు తెలియదు.

ఒక్క అంగలో వెళ్లి అతని తల పట్టుకుంది.

"ఎవరికిచ్చావ్?"

"ఇచ్చేశా..." అతని పెదాలు కదిలాయి. "సాయంత్రం ఆరింటికి... వెళ్లిపోతుంది..."

అంతే. అమ్ముకున్నవాడికి కొన్నవాడు చెల్లించిన ధర అది.

పది నిమిషాల్లో నందిని రోడ్డు పక్కన ఆగిన జీపులో ఉంది. స్టీరింగ్ దగ్గర నర్సింగ్, న్యాల్‌కల్ మనిషి, ఈ ప్రాంతంలో బ్యూరోకున్న ఏకైక కన్ను, ఏకైక జీపు. ఫోన్‌లో చీఫ్ ఇంద్రసేన, హైదరాబాద్ నుంచి. ఆయన గొంతు ఎప్పటిలాగే ఇస్త్రీ చేసినట్టుంది.

"బ్రీఫింగ్ విను. రికార్డ్స్ సెక్షన్‌లో క్రాంతి కుమార్ కాపీ చేసింది ఒక్కటే ఫైలు. మహిధర్‌ది. అసలు పేరు, కవర్ పేరు, ఫోటో. మొత్తం."

నందిని ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

మహిధర్ సముద్రాల అవతల ఒక రేవు పట్టణంలో, మన రక్షణ రహస్యాలు కొనే విదేశీ ముఠాలో వాళ్ల మనిషిగా బతుకుతున్నాడు. రెండేళ్లయింది. ఆ ఫైలు ముఠాకు చేరితే అతను రేపు ఉదయం చూడడు. అంతకు ముందు ఆరేళ్లు బ్యూరో జీపుల్లో నందిని పక్క సీటు అతనిది. ప్రేమ అన్న మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. అతను తిరిగి రాగానే తనే అనేద్దామని నందిని ఎప్పుడో నిశ్చయించుకుంది. ఇప్పుడు అది అనడానికి మనిషే మిగలకపోవచ్చు.

"ఫోన్లు, మెయిళ్లు, బార్డర్ చెక్‌పోస్టులు అన్నీ మన చేతిలో ఉన్నాయి," అన్నాడు చీఫ్. "లారీలు సోదా చేయిస్తున్నాను. అక్కడి నుంచి ఈగ కూడా బయటికి పోదు."

"ఒకటి పోతుంది సార్. ప్రతి ఆదివారం ఆరింటికి. ప్రవీణ ఫోటో."

అవతల నవ్వు. "ప్రవీణ మన మనిషి నందినీ."

ప్రవీణ ఎవరో తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. కోహీర్ దాటాక ఎర్ర నేలల మధ్య, చుక్కలు చూడవచ్చేవాళ్ల కోసం స్టార్ క్యాంప్ పెట్టింది. రాత్రంతా ఆకాశాన్ని ఫోటో తీస్తుంది, పగలంతా కంప్యూటర్‌లో వాటికి మెరుగులు దిద్దుతుంది, ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒకటి నెట్‌లో పెడుతుంది. ప్రపంచమంతా లక్షలమంది చూస్తారు. పట్టుచీర కట్టి టెలిస్కోప్ పక్కన నిలబడితే చుక్కలకన్నా ఆమెనే ఎక్కువ చూస్తారని గిట్టనివాళ్లంటారు. బ్యూరోకు ఆమె ఇన్ఫార్మర్ కూడా. నిరుడు ముఠా మనుషులిద్దరిని పట్టించింది. అప్పటి నుంచి చీఫ్‌కు ఆమె మాట వేదవాక్కు.

"ఆమె ఫోటోలన్నీ మన సాఫ్ట్‌వేర్ స్కాన్ చేసింది," చీఫ్ అన్నాడు. "దాచిన డేటా ఏమీ లేదు. క్లీన్. నువ్వు వెనక్కి వచ్చెయ్."

ఫోన్ పెట్టేశాడు.

ఆ ఫోటోల సంగతి నందినికి చీఫ్‌కన్నా బాగా తెలుసు. దానికో కారణముంది. మహిధర్ వెళ్లేముందు రాయికోడ్‌లో ఆమె అమ్మగారింటి డాబా మీద కూర్చుని, "అదిగో రోహిణి, ఎర్రగా ఉంది చూడు," అని చూపించింది. "చుక్కలన్నీ తెల్లవే. నీ కళ్లకు చదువు ఎక్కువైంది," అన్నాడు అతను. పందెం పడింది. వెళ్లాక బ్యూరో రూల్స్ అన్నీ తుంగలో తొక్కి, పేరులేని ఒక అకౌంట్ నుంచి ప్రవీణ ఫోటోల కింద ప్రతివారం ఒక్క మాట రాస్తున్నాడు. 'తెలుపే.' ఆ ఒక్క మాట చూసి నందిని వారమంతా బతుకుతుంది. అతను ఉన్నాడని ఆమెకు చెప్పే ఫోటోనే ఇవాళ అతన్ని చంపబోతోంది.

లాడ్జి గదిలో ల్యాప్‌టాప్ తెరిచింది. బ్యూరోలో చేరకముందు ఉస్మానియాలో ఆమె చదివింది ఖగోళమే.

కెమెరా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక కుండ లాంటిది. వెలుతురు పడేకొద్దీ నిండుతుంది. మసక చుక్కలు అగుపించాలంటే చాలాసేపు పట్టి ఉంచాలి. ఆ లోపల రోహిణి లాంటి పెద్ద చుక్క పడ్డ కుండలు పొర్లిపోతాయి. నిండిన తర్వాత ఎన్ని బిందెలు పోసినా కుండెడే. అందుకే అలాంటి చుక్క నడిబొడ్డు రంగూ రుచీ లేని తెల్లని మచ్చగా మిగులుతుంది. దాన్నే సాచురేటెడ్ స్టార్ అంటారు. ఆ పిక్సెళ్లన్నిటిలోనూ ఒకే అంకె ఉంటుంది: 65535. అంతకన్నా పైకి లెక్కపెట్టడం కెమెరాకు రాదు.

అక్కడ సమాచారం ఉండదు కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందు చేసే పని ఒకటే. ఆ మచ్చలను పక్కనపెట్టి మిగతా ఫోటో చూస్తుంది. బ్యూరో సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఇల్లంతా వెతికి, వెలిగే దీపం కింద మాత్రం చూడలేదు.

పోయిన వారం ఫోటో పూర్తి సైజు ఫైలు దింపుకుంది. విద్యార్థుల కోసమని ప్రవీణ ఉచితంగానే పెడుతుంది, పుణ్యాత్మురాలు. రోహిణి నడిబొడ్డును పెద్దది చేసి, అంకెలు చూపించమంది.

65535. 65534. 65535. 65535. 65534...

కంటికి అంతా ఒకటే తెలుపు. కాని నిండిన కుండలో అలలు ఉండవు. ఎవరో చేత్తో గీస్తే తప్ప.

చీఫ్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"అది కెమెరా నాయిస్ కావచ్చు," అన్నాడు ఆయన.

"నిండిపోయిన పిక్సెల్‌లో నాయిస్ ఉండదు సార్."

"నా అసెట్ జోలికి పోవద్దు. ఇది ఆర్డర్. జీపెక్కి వచ్చెయ్."

"రాను సార్."

"సస్పెండ్ చేస్తాను!"

"చేయండి. కాని ఆర్డర్ టైపు చేయడానికి రేపు సోమవారం దాకా మనిషి దొరకడు. ఇవాళ ఆదివారం. ఇవాళ్టికి నేనింకా ఏజెంట్‌నే."

జీపులో నర్సింగ్ అంతా విని మీసం దువ్వుకున్నాడు.

"ఇప్పుడేం చేద్దాం నందినమ్మా? పోయి గామె కంప్యూటర్ పగలగొడదామా? కరెంటు వైరు తెంపమన్నా తెంపుత."

"వద్దన్నా. ఆరింటికి ఫోటో రాకుంటే గా ముఠావోళ్లకు డౌటొస్తది. కొత్తగ చేరినోళ్లందర్ని అనుమానిస్తరు. అందర్ల కొత్తోడు మహిధరే. ఫోటో టైముకు రావాలె, గామె చేతుల మీదికెల్లే రావాలె. లోపల మాత్రం ఏం ఉండొద్దు."

"గదెట్ల?"

"గామె ఫోటోను బాగుచేయాలె," అంది నందిని. "నీకు తెల్సినోళ్ల అల్లం బండి ఒకటి కావాలె."

సాయంత్రం అయిదు దాటాక, స్టార్ క్యాంప్ గేటు దగ్గర కాటన్ చీర, మెడలో ఐడీ కార్డు, కళ్లజోడుతో 'పూజిత' దిగింది. బెంగళూరు నుంచి. అంతర్జాతీయ ఆస్ట్రో ఫోటో పోటీ తరఫున. ఆ పోటీ వయసు రెండు గంటలు. దాని వెబ్‌సైట్ లాడ్జిలోనే పుట్టింది.

ప్రవీణ స్వయంగా తలుపు తీసింది. ముదురు నీలం పట్టుచీర, చెవులకు ముత్యాలు. నవ్వితే ఎదుటివాళ్ల చేతిలో పని జారిపోయేంత అందం. నందిని చేతిలో పని జారలేదు.

"మీ ఫోటో ఫైనల్స్‌కి వచ్చింది మేడమ్. కంగ్రాచులేషన్స్," అంది నందిని. "ఒక్క చిన్న అభ్యంతరం. జడ్జీలు మీ నక్షత్రాలు కాలిపోయాయంటున్నారు. రోహిణి సున్నం బొట్టులా ఉందట. రోళ్లు పగలగొట్టే రోహిణి అలా ఉంటుందా అని ఒకాయన అడిగారు."

ప్రవీణ నవ్వు ఆగిపోయింది. దేశాన్ని అమ్ముతున్నావంటే ఆమె కనురెప్ప కదిలేది కాదేమో. ఫోటో బాగాలేదంటే మాత్రం మొహం జేవురించింది. ఎందుకంటే గూఢచర్యం ఆమె సంపాదన, ఫోటో ఆమె ప్రాణం.

"నాకు చేతకాక వదిలేశాననుకున్నారా? లోపలికి రండి."

లోపలి గదిలో రంగుల్లో తేడా రాకూడదని నల్లటి తెరలు దించి ఉన్నాయి. వెలుగంతా ఒక్క కంప్యూటర్ తెరదే. బల్ల మీద లెన్సులు, బ్యాటరీలు, క్యాంపుకి వచ్చినవాళ్ల ఫోటోలు తీసే పెద్ద ఫ్లాష్. ప్రవీణ పాత ఫోటో ఒకటి తెరిచి, మెనూలోకి వెళ్లి నొక్కింది.

"ఇది స్టార్ రిపేర్. నడిబొడ్డులో రంగు పోయినా, చుట్టూ ఉన్న కాంతి వలయంలో మిగిలే ఉంటుంది. ఆ వలయం ఎలా పెరుగుతూ వస్తోందో లెక్కగట్టి, మధ్యలో ఎంత ఉండాలో సాఫ్ట్‌వేర్ కొత్తగా కట్టేస్తుంది. పాత పిక్సెళ్లు మొత్తం పోతాయి. చూడండి."

తెల్లని మచ్చ కరిగి, దాని స్థానంలో నిప్పుకణికలాంటి చుక్క వచ్చింది. నందిని నిజంగానే మెచ్చుకుంది. పక్కనే ఒక చిన్న గడి కనిపించింది: 'ప్రతి ఎక్స్‌పోర్ట్‌కూ స్టార్ రిపేర్.' అందులో టిక్ లేదు; ఉంటే ఫైలుగా బయటికి వచ్చే ప్రతి ఫోటోలోనూ ఈ మరమ్మతు దానంతటదే జరిగిపోతుంది.

"మరి ఇవాళ్టి ఫోటోకి కూడా ఇలా చేయొచ్చుగా?"

"ఇవాళ కుదరదు," అంది ప్రవీణ ముక్తసరిగా.

ఎందుకు కుదరదో ఇద్దరికీ తెలుసు. వెనక ఇంకో విండోలో ఇవాళ్టి ఫోటో సిద్ధంగా ఉంది. అందులో తెల్లని రోహిణి. ఆ తెలుపులో మహిధర్. ప్రవీణకు ఒక జాగ్రత్త ఉంది. పూర్తయిన ఫైలు ఎక్కడా దాచదు. ఎక్స్‌పోర్ట్ చేయడం, నెట్‌కి ఎక్కించడం ఆరింటికి ఒక్క బటన్‌తోనే.

సరిగ్గా అప్పుడే బయట ధడేల్‌మని శబ్దం. గోడ అదిరింది.

"మేడం! ఓ మేడం!" నర్సింగ్ కేక. "బండి రివర్స్ గేర్ల ఇరుక్కున్నది! మీ దుర్బీన్ రూముకు జర తాకింది, గోడ కొంచెం వంగింది, ఫికర్ చేయకున్రి!"

టెలిస్కోప్ గది అనగానే ప్రవీణ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. బయట అల్లం బస్తాలు తెగి వాకిలంతా చెల్లాచెదురయ్యాయి. నర్సింగ్ వాటిని ఏరుతూ, మళ్లీ పోస్తూ, ఆమె దారికి అడ్డం పడుతూ, తన బండికి అయిన నష్టం గురించి ఏడవసాగాడు.

నందిని మౌస్ అందుకుంది. ఒక్క క్లిక్. గడిలో టిక్ పడింది. మెనూ మూసి, మౌస్ ఉన్నచోటే పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది.

ప్రవీణ తిరిగి వచ్చింది. తలుపు గడియ పెట్టింది. ఆమె ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో చిన్న నల్లని పిస్టల్.

"ఇప్పుడు నేను బయట ఉండగానే మీ చీఫ్ గారు ఫోన్ చేశారు," అంది మెత్తగా. "మా ఏజెంట్ ఒకామెకు మతి చలించింది, మీ దగ్గరికొస్తే ఏమీ అనుకోవద్దు, కూర్చోబెట్టి మాకు చెప్పండి అన్నారు. మర్యాదస్తులు. కూర్చో నందినీ."

ఇంద్రసేనను నందిని మనసులో తిట్టిన తిట్టు ఇక్కడ అచ్చువేయడం కుదరదు. కంచే చేను మేస్తుంటే, కాపలావాడు దానికి నీళ్లు కూడా పోస్తున్నాడు.

"నీ ముందే పంపిస్తా," అంది ప్రవీణ, తుపాకీ గురి తప్పకుండా కుర్చీ లాక్కుని. గడియారం ఆరుకు నిమిషం తక్కువ చూపిస్తోంది. "మహిధర్ నీకేమవుతాడు? ఆ ఫైల్లో నీ పేరు కూడా ఉంది. పార్ట్‌నర్ అని. అంతేనా?"

నందిని లెక్క వేసుకుంది. ఇప్పుడు ప్రవీణ ఒక్కసారి మెనూ తెరిస్తే అంతా అయిపోతుంది. ఆమె చూపు తెర మీదికి పోకూడదు. తన మీదే ఉండాలి.

"ఆ బటన్ నొక్కకు," అంది. గొంతు వణికింది. ఆ వణుకులో నటన సగమే. "నీకేం కావాలో అడుగు. నన్ను తీసుకో. అతన్ని వదిలెయ్."

"బతిమాలుతావా? బ్యూరో ఏజెంట్‌వి!"

"బతిమాలుతున్నా. నొక్కకు ప్రవీణా."

అంతకన్నా ఏం కావాలి? ప్రవీణ నందిని కళ్లలోకి చూస్తూ, ఆ భయాన్ని లడ్డూలా ఆరగిస్తూ, తెర వైపు చూడకుండానే బటన్ నొక్కింది.

నీలి గీత నిండింది. ఆరు గంటలు. ఫోటో వెళ్లిపోయింది.

నందిని వణుకు ఆగిపోయింది. కాలు మీద కాలు వేసుకుంది.

"ఇప్పుడు చూడు," అంది. "మా రాయికోడోళ్ల రోహిణి ఎట్లుంటదో."

ప్రవీణ నుదురు ముడిపడింది. తెర వైపు తిరిగింది. నెట్‌లో, లక్షలమంది ముందు, నల్లని ఆకాశం మధ్య రోహిణి ఎర్రగా, నిండుగా, సజీవంగా వెలుగుతోంది. తెల్లని మచ్చ లేదు. అందులోని అలలు లేవు. ప్రతి పిక్సెల్ కొత్తగా కట్టింది. మహిధర్ పేరు, మొహం ఈ లోకంలో ఏ ఫోటోలోనూ లేవు.

"నువ్వే చెప్పావుగా," అంది నందిని. "పాత పిక్సెళ్లు మొత్తం పోతాయని."

ప్రవీణ వేలు డిలీట్ వైపు దూసుకుపోయింది. తీసేసి మళ్లీ ఎక్కిస్తే చాలు, ఒక్క నిమిషం పని. తుపాకీ గురి జానెడు పక్కకు జరిగింది.

నందినికి ఆ జానెడు చాలు. బల్ల మీది ఫ్లాష్ ఎత్తి, ఆమె మొహానికి ఎదురుగా పెట్టి నొక్కింది.

చీకటి గదికి అలవాటుపడిన కళ్లు. వాటిలోకి ఒక్కసారిగా అంత వెలుగు. ప్రవీణకు ప్రపంచమంతా తెల్లని మచ్చ అయిపోయింది. తుపాకీ పేలింది, పైకప్పు పెచ్చు ఊడింది. రెండో గుండు పేలేలోపు నందిని ఆమె మణికట్టు మెలితిప్పి, తుపాకీ లాక్కుని, మొహం బల్లకు ఆనించి పట్టుకుంది. డిలీట్ బటన్‌కు ప్రవీణ వేలు ఇంకా వెంట్రుకవాసి దూరంలోనే ఉంది.

"ఏం కనిపించట్లేదు..." ప్రవీణ గొణిగింది.

"ఫికర్ చేయకు. అంచుల నుంచి మెల్లగ తిరిగొస్తది."

తలుపు గడియ విరగ్గొట్టుకుని నర్సింగ్ లోపలికి వచ్చాడు. చేతిలో అల్లం బస్తా తాడు. పరిస్థితి చూసి, ప్రవీణ చేతులు వెనక్కి కట్టాడు. తర్వాత తెర మీది ఫోటో చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఎంత మంచిగున్నదమ్మా!"

"అవునన్నా. గామె పనిమంతురాలే. మనిషే మంచిది కాదు."

చీఫ్ ఫోన్ చేశాడు. ఇస్త్రీ నలిగింది. నందిని చెప్పింది విని చాలాసేపు దగ్గాక, "సస్పెన్షన్ సంగతి నేను తొందరపడ్డానేమో," అన్నాడు.

"పడ్డారు సార్. రేపు దాని బదులు వేరేది టైపు చేయించండి. సాచురేటెడ్ స్టార్స్‌ను మన సాఫ్ట్‌వేర్ ఇక పక్కన పెట్టకూడదని."

"చేయిస్తాను. కాని వచ్చే ఆదివారం ఫోటో రాకపోతే ముఠాకు..."

"వస్తుంది. ప్రతి ఆదివారం ఆరింటికి, ఆమె పేరుతోనే. నేను పెడతాను. మహిధర్ తిరిగొచ్చేదాకా. అతన్ని వెంటనే వెనక్కి రప్పించే పని మీరు చూడండి. అది రిక్వెస్ట్ కాదు."

"నువ్వు నాకు ఆర్డరిస్తున్నావా?"

"ఇవాళ ఆదివారం సార్."

బయట పొద్దు పూర్తిగా కుంకింది. వాకిట్లో చెదిరిన అల్లం వాసన ఘాటుగా ఉంది. ప్రవీణను, చెట్ల చాటున దాచిన జీపు వెనక కూర్చోబెట్టి, నందిని ముందు సీట్లో కూర్చుని ఫోన్ తీసింది. ఫోటో కింద వందల కామెంట్లు. అద్భుతం, అమోఘం, ఇంత సహజమైన రంగు ఎప్పుడూ చూడలేదు. ఆమె వేలు కిందికి, ఇంకా కిందికి జరిగింది. ప్రతివారం ఈపాటికి ఆ మాట వచ్చేసేది. పేజీ మళ్లీ తెరిచింది. మళ్లీ.

వచ్చింది. పేరులేని అకౌంట్.

'సరే, ఎరుపే. నాదే తప్పు.'

నందిని కళ్లు నిండాయి. తెర మీది చుక్క చెదిరి కనిపించింది. తుడుచుకుని, నవ్వింది.

"ఏందమ్మా, గట్ల నవ్వుతున్నవ్?" నర్సింగ్ జీపు స్టార్ట్ చేశాడు.

"ఏం లేదన్నా. ఒకడు తప్పు ఒప్పుకున్నడు."

"మొగోడా?"

"మొగోడే."

నర్సింగ్ తల అడ్డంగా ఊపాడు. "గట్లయితే అది దొంగ అకౌంటే అయి ఉంటది. జర చెక్ చేయి."